ఒంటి మగవాడి కూలి

సిఫిలిస్ గురించి రాసే వైద్యుడు మామూలుగా క్రిమి దగ్గర మొదలుపెట్టి సూదిమందు దగ్గర ఆపుతాడు. 1949లో దక్షిణాఫ్రికా వైద్యుల పత్రికలో సిడ్నీ కార్క్ రాసిన వ్యాసం అలా నడవదు. అందులో క్రిమి కంటే రైలు దారులు, వజ్రాల గనులు, బంగారు గనులు, ఊళ్లలో మిగిలిన ఆడవాళ్ల లెక్క, నగరాల్లో పోగుపడ్డ మగవాళ్ల లెక్క ఎక్కువ కనిపిస్తాయి. కార్క్, ఆయన భార్య ఎమిలీ 1940 నుంచి నేటాల్ రాష్ట్రంలో డ్రాకెన్స్‌బర్గ్ కొండల కింద ఫొలేలా అనే పల్లె ప్రాంతంలో ఆరోగ్య కేంద్రం నడిపారు. చుట్టుపక్కల గని లేదు, రేవు లేదు, సిపాయిల దండు లేదు. మొక్కజొన్న వేసుకుని పశువుల్ని మేపుకునే ఊళ్లు. అలాంటి చోట గర్భిణుల్లో, పసిపిల్లల్లో సిఫిలిస్ ఎందుకు బయటపడుతోందన్నది ఆయన ముందున్న ప్రశ్న. జబ్బు దారి వెంట నడిచి వెళితే అది ఏటా ఊరొదిలి వెళ్లి ఏటా తిరిగొచ్చే మగవాళ్ల దగ్గరికి, అక్కడి నుంచి వాళ్లను అలా తిప్పుతున్న కూలి పద్ధతి దగ్గరికి చేరింది. వలస పోయిన మగవాడి సుఖవ్యాధి గురించి మాట్లాడినప్పుడల్లా మనం అతని నడవడిక గురించే మాట్లాడతాం. దక్షిణాఫ్రికా గనుల నూరేళ్ల చరిత్ర చదివితే మాత్రం ముందు అడగాల్సింది అతని కూలిని ఎవరు, ఏ లెక్కన కట్టారని. ఆ కూలిలో భార్యాబిడ్డలకు చోటు లేకుండా చూసుకున్నవాళ్లే ఈ జబ్బుకీ దారి వేశారని నా వాదన.

1886లో విట్‌వాటర్స్‌రాండ్‌లో బంగారం బయటపడింది. నేల కింద బంగారం చాలా ఉంది కానీ పలచగా ఉంది, లోతుగా ఉంది. టన్నుల కొద్దీ రాయి పగలగొడితే గ్రాముల్లో దక్కేది. పైగా బంగారం ధర అంతర్జాతీయంగా కట్టేసి ఉండేది కాబట్టి, ఖర్చు పెరిగితే ధర పెంచుకుందామనే వీలు గని యజమానికి లేదు. తగ్గించుకోగలిగింది కూలి ఒక్కటే. చవగ్గా పనికి రావాల్సిన అవసరం ఆఫ్రికన్ రైతుకు లేదు, అతనికి పొలం ఉంది, పశువులున్నాయి. ఆ అవసరాన్ని చట్టాలతో పుట్టించారు. గుడిసె పన్ను నేటాల్‌లో 1849 నుంచే ఉంది. 1894లో కేప్ ప్రధాని సెసిల్ రోడ్స్ తెచ్చిన గ్లెన్ గ్రే చట్టం, ఏడాదిలో మూడు నెలలు బయట కూలికి పోని మగవాడి మీద పది షిల్లింగుల పన్ను వేసింది. 1913 భూమి చట్టం దేశంలో అత్యధిక సంఖ్యాకులైన ఆఫ్రికన్లకు నూటికి ఏడు వంతుల నేల మిగిల్చింది. పన్ను నాణేల్లో కట్టాలి, నాణేలు గనిలోనే దొరుకుతాయి. మొజాంబిక్, బసుటోలాండ్, న్యాసాలాండ్, ట్రాన్స్‌కై ఊళ్లలో కూలీలను పోగుచేయడానికి గని యజమానులంతా కలిసి 1900లో ఒక సంస్థ, 1912లో మరొకటి పెట్టారు. మొదటిదాన్ని కూలీలు 'వెనేలా' అనేవారు. యజమానులు ఒకరి కూలీని ఒకరు ఎక్కువ ఇచ్చి లాక్కోకూడదన్నది దాని అసలు ఉద్దేశం. ఆ కట్టుబాటు ఎంత గట్టిగా పనిచేసిందంటే, 1969లో నల్ల గని కార్మికుడి నిజ వేతనం 1911 నాటి దానికంటే ఎక్కువ లేదని ఆర్థికవేత్త ఫ్రాన్సిస్ విల్సన్ లెక్క తేల్చాడు.

ఇక ఆ కూలీ ఉండే చోటు. కింబర్లీ వజ్రాల గనుల్లో 1880లలో మొదలైన 'కాంపౌండు' పద్ధతినే బంగారు గనులూ అందుకున్నాయి. (కింబర్లీలో ఒప్పందం పూర్తయిన కూలీని ఇంటికి పంపే ముందు బట్టలూడదీసి గదిలో పెట్టి, మింగిన వజ్రం బయటపడాలని విరేచనాల మందు తాగించేవారు. అతని కడుపు మీద ఉన్న శ్రద్ధ అతని కాపురం మీద లేకపోవడంలో వింతేమీ లేదు.) చుట్టూ గోడ, ఒకే గేటు, లోపల నాలుగు వైపులా బ్యారకులు. ఒక్కో గదిలో ఇరవై, ముప్ఫై, నలభై మంది. గోడకు ఆనించి రెండంతస్తులుగా పోసిన సిమెంటు అరలు, ఒక్కో అర ఒక్కో మనిషి పడక. చాటు కావాలనుకున్నవాడు తన అరకు దుప్పటి అడ్డం కట్టుకునేవాడు. భార్యను రానివ్వరు. ఒప్పందం తొమ్మిది నెలల నుంచి ఏడాదిన్నర దాకా, అది అయ్యాక ఊరికి పోవాలి, మళ్లీ రావాలంటే మళ్లీ వేలిముద్ర వేయాలి. ఇంతకీ ఇదంతా ఎందుకు? 1943-44లో ప్రభుత్వం వేసిన గని వేతనాల కమిషన్ ముందు యజమానుల సంఘం దాపరికం లేకుండానే చెప్పుకుంది: కూలీకి ఊళ్లో పొలం ఉంది, కుటుంబం దాని మీద బతుకుతుంది, కాబట్టి మేమిచ్చే కూలి ఒక్క మనిషికి సరిపోతే చాలని. ముసలితనం, బిడ్డల పెంపకం, జబ్బు పడితే చూసుకోవడం, ఇవన్నీ ఊరి ఖాతాలోకి నెట్టేశారు. ఊపిరితిత్తులు పాడైన కూలీని రైలెక్కించి ఊరికి పంపేస్తే గని రికార్డులో క్షయ మరణం ఒకటి తగ్గేది. సిఫిలిస్ కూడా అదే రైల్లో, అదే లెక్క కింద ఊరికి చేరింది.

1911 నాటికి జోహన్నెస్‌బర్గ్ ఆఫ్రికన్ జనాభాలో ఒక్క స్త్రీకి ఇరవై మందికి పైగా పురుషులుండేవారు. అక్కడికి చేరిన ఆ కొద్దిమంది ఆడవాళ్లు కూడా భూమి పోయినవాళ్లో, భర్త డబ్బు పంపడం మానేస్తే వెతుక్కుంటూ వచ్చినవాళ్లో, విధవలో. నగరంలో వాళ్లకు చట్టబద్ధమైన పని దాదాపు లేదు. దొంగచాటుగా సారా కాచి అమ్మడం, నాలుగిళ్లలో బట్టలుతకడం, అదీ చాలకపోతే ఒక గని కూలీతో కొన్నాళ్లు కాపురంలాంటిది చేయడం. దాన్ని వ్యభిచారం అని ఒక్క మాటలో కొట్టేయడం కుదరదు, పెళ్లి అనీ అనలేం. అతను కూలి డబ్బులో కొంత ఇచ్చేవాడు, ఆమె వండిపెట్టేది, ఒప్పందం అయిపోగానే అతను వెళ్లిపోయేవాడు, ఆమె ఇంకొకరిని చూసుకునేది. ఇంకో సంగతి కూడా ఉంది, మన పత్రికల్లో దీని గురించి రాసేవాళ్లు తక్కువ. కాంపౌండు లోపల పెద్ద కూలీలు కొత్తగా వచ్చిన కుర్రాళ్లను 'గని భార్య'లుగా పెట్టుకునే ఆచారం 20వ శతాబ్దం మొదట్లోనే మిషనరీల కంటా, అధికారుల కంటా పడింది, 1907లో విచారణ కూడా జరిగింది. సామాజిక శాస్త్రవేత్త డన్బర్ మూడీ తర్వాతి కాలంలో ముసలి కూలీలను కదిపితే వాళ్లిచ్చిన సమాధానం లెక్కప్రకారమే ఉంది: పట్నపు ఆడది డబ్బు తినేస్తుంది, రోగం అంటిస్తుంది, ఊరిని మరిపిస్తుంది, దానికంటే ఇదే నయం అని. తెచ్చిన డబ్బుతో పశువులు కొని ఊళ్లో ఇల్లు నిలబెట్టుకోవాలన్న పట్టుదల ఉన్నవాడు ఈ దారి పట్టేవాడట. అందులో పెత్తనమూ ఉంది, కుర్రవాడి నిస్సహాయతా ఉంది, దాన్ని మెచ్చుకోనక్కర్లేదు. అయితే ఈ మగవాళ్లు ముందూ వెనకా చూడకుండా పడిపోయిన మందబుద్ధులు కాదని మాత్రం దీనివల్ల తెలుస్తోంది. ప్రమాదం ఎక్కడుందో వాళ్లకు తెలుసు. తప్పించుకునే దారులు కూడా ఆ గోడల మధ్యే వెతుక్కోవాల్సి వచ్చింది.

దూరం పోయిన మగవాడు ఎక్కడైనా ఇంతే కదా, గని యజమాని ఏం చేస్తాడు అని అడగవచ్చు. జవాబు అదే గనుల్లో పనిచేసిన తెల్ల కార్మికుల దగ్గర దొరుకుతుంది. వాళ్లూ వలస వచ్చినవాళ్లే, చాలామంది ఇంగ్లండు కార్న్‌వాల్ తగరపు గనుల నుంచి. చరిత్రకారుడు చార్ల్స్ వాన్ ఆన్సెలెన్ చూపించిన లెక్కల ప్రకారం 1897లో వాళ్లలో కుటుంబాన్ని వెంట తెచ్చుకున్నవాళ్లు నూటికి పన్నెండు మందే. ఆ రోజుల్లో జోహన్నెస్‌బర్గ్‌లో దాదాపు వంద వ్యభిచార గృహాలు నడిచాయి, ఐరోపా నుంచి ఆడపిల్లలను ఓడల్లో దింపేవారు. తర్వాత బ్రిటిష్ ప్రభుత్వమూ గనులూ కలిసి తెల్ల కార్మికుడు తాగుడు మాని, సమ్మెలు మాని స్థిరపడాలని అతనికి ఇళ్లు కట్టించాయి, కుటుంబానికి సరిపడే జీతం ఇచ్చాయి. 1912 నాటికి కుటుంబంతో ఉన్నవాళ్లు నూటికి 42కు పెరిగారు. వ్యభిచార గృహాల వ్యాపారం పాతకాలపు ఊపు పోయి చిన్నదైంది. అదే గని, అదే రాయి, అదే లోతు. తెల్లవాడికి కుటుంబం స్థిరత్వం అయింది, నల్లవాడికి అదే కుటుంబం అదనపు ఖర్చు అయింది. ఖండం లోపలే ఇంకో సాక్ష్యం ఉంది. బెల్జియన్ కాంగోలోని కటాంగా రాగి గనుల కంపెనీ కూలీల కొరతా, చావుల సంఖ్యా భరించలేక 1920ల చివర మూడేళ్ల ఒప్పందాలు పెట్టి, భార్యను తెచ్చుకోమని తానే ప్రోత్సహించింది. దయతో చేసిన పని కాదు, లాభం లెక్క చూసుకునే చేసింది. కానీ కాంపౌండు తప్పనిసరి కాదని రుజువైంది. అంతెందుకు, నేటాల్ చెరకు తోటలకు 1860 నుంచి మద్రాసు ఓడల్లో వెళ్లిన మన విశాఖపట్నం, గంజాం, చిత్తూరు కూలీల విషయంలో కూడా, నూరుమంది మగవాళ్లకు నలభైమంది ఆడవాళ్లు ఉండాలని నియమం పెట్టారు. నలభై అంటే చాలా తక్కువ, దానివల్ల తోటల లైన్లలో జరిగిన ఘోరాలు వేరే కథ. కాకపోతే ఒంటరి మగవాళ్లను గుంపుగా తోలుకొస్తే ఏమవుతుందో సామ్రాజ్యానికి తెలియదని ఎవరూ అనలేరు.

ఇంతకంటే బరువైన ఆక్షేపణ ఒకటుంది. నల్లవాళ్లలో సిఫిలిస్ ప్రబలిందని చెప్పిన తెల్ల డాక్టర్ల మాట ఎంతవరకు నమ్మాలి? పరిశోధకురాలు కేరన్ జోకల్సన్ ఈ చరిత్రను తవ్వి చూపించింది: 1880ల నుంచి ఆ వైద్యులు చూసినదాంట్లో చాలా భాగం లైంగికంగా అంటుకునేది కాదు, పిల్లల్లో ఒకే గిన్నె, ఒకే పక్క వల్ల పాకే పల్లెటూరి సిఫిలిస్. రెండింటికీ రక్తపరీక్ష ఒకేలా చూపిస్తుంది. జాతి వివక్ష కళ్లద్దాల్లోంచి చూసినవాళ్లకు ప్రతి పుండూ విచ్చలవిడితనానికి గుర్తుగానే కనిపించింది. ఆ భయంతోనే తెల్లవాళ్ల ఇళ్లలో పనిచేసే నల్లవాళ్లకు బలవంతపు పరీక్షలు చేయాలనే గోల లేచింది. ఈ ఆక్షేపణను పూర్తిగా ఒప్పుకోవాల్సిందే. 1949కి ముందున్న సంఖ్యల మీద పెద్ద మేడలు కట్టకూడదు. కార్క్ కూడా ఈ గందరగోళానికి పూర్తిగా అతీతుడు కాడు. కానీ ఆయన వాదన సంఖ్య ఎంత అన్నదాని మీద కంటే జబ్బు ఏ దారిన కదులుతోంది అన్నదాని మీద నిలబడింది. అది సరైనదో కాదో తేల్చడానికి తిరుగులేని రక్తపరీక్ష ఉన్న ఇంకో జబ్బు కావాలి. నలభై ఏళ్ల తర్వాత అది వచ్చింది.

ఆ మధ్యలో జరిగినది చూడండి. పెనిసిలిన్ చేతికొచ్చింది, సిఫిలిస్‌ను సూదితో నయం చేయవచ్చు. కార్క్ అయితే మందుతో పాటు కుటుంబాలు కలిసి బతికే వీలు కల్పించకపోతే నయమైనవాడు మళ్లీ అంటించుకుని వస్తాడన్నాడు. అంతకు కొంచెం ముందు దాకా ఆ మాట వినే చెవులు ప్రభుత్వంలో కొన్ని ఉండేవి. ప్రభుత్వం వేసిన ఫేగన్ కమిషన్ ఆఫ్రికన్లు నగరాల్లో స్థిరపడటం ఆపలేనిదని తేల్చింది. 1948 ఎన్నికల్లో నేషనల్ పార్టీ గెలిచి సరిగ్గా వ్యతిరేక దిశలో నడిచింది. పాసు చట్టాలు బిగిశాయి, 1952 తర్వాత అనుమతి లేని ఆఫ్రికన్ నగరంలో 72 గంటలకు మించి ఉంటే నేరం. కొత్తగా తెరిచిన ఫ్రీ స్టేట్ గనుల్లో నూటికి పదిమంది నల్ల కార్మికులకైనా కుటుంబంతో ఇళ్లిద్దామని ఆంగ్లో అమెరికన్ గని కంపెనీ అధిపతి ఎర్నెస్ట్ ఒపెన్‌హైమర్ అడిగితే ప్రభుత్వం ఒప్పుకోలేదు, మూడు శాతం దగ్గర గీత గీసింది. ఇక్కడ నేను యజమానులనే తప్పుపడుతున్నానని ఎవరైనా అంటే, ఈ ఒక్క సందర్భంలో యజమాని ప్రభుత్వం కంటే రెండడుగులు ముందున్నాడని ఒప్పుకుంటాను. ఆ అడుగులకు ముందు గడిచిన అరవై ఏళ్ల లాభం కూడా గుర్తుపెట్టుకుంటాను. కార్క్ 1950ల చివర దేశం వదిలి వెళ్లిపోయాడు.

1980ల రెండో సగంలో గని యజమానుల సంఘం వేల మంది కూలీలకు హెచ్‌ఐవీ పరీక్షలు చేయిస్తే మలావీ (పాత న్యాసాలాండ్) నుంచి వచ్చినవాళ్లలో నూటికి నలుగురి దాకా వైరస్ కనిపించింది, దక్షిణాఫ్రికా కూలీల్లో దాదాపు లేదు. నాలుగున్నర లక్షలకు పైగా మనుషులు కాంపౌండుల్లో, అప్పటికి హాస్టళ్లన్న పేరుతో, పడుకుంటున్న రోజులవి. జబ్బు ఇంకా గుమ్మం దగ్గరే ఉంది. గుమ్మం లోపలి ఏర్పాటును మార్చాలా, గుమ్మంలో నిలబడ్డవాణ్ణి గెంటాలా అన్న ప్రశ్న వస్తే రెండోదే ఎంచుకున్నారు. 1988 నుంచి 1992 మధ్య దాదాపు 13,000 మంది మలావీ కూలీలు వెళ్లిపోవాల్సి వచ్చింది. హాస్టళ్లు అలాగే ఉన్నాయి, భార్యలు అలాగే ఊళ్లలో ఉన్నారు. ప్రభుత్వ ఆసుపత్రులకు వచ్చే గర్భిణుల్లో హెచ్‌ఐవీ 1990లో నూటికి ఒక్కరు కూడా కాదు, 1994లో 7.6 శాతం, 1998లో 22.8 శాతం, 2005లో 30.2 శాతం. ఇదంతా గనుల పుణ్యమే అనడం అన్యాయం. లారీ దారులున్నాయి, నగరాల చుట్టూ పెరిగిన రేకుల బస్తీలున్నాయి, అధ్యక్షుడు ఎంబెకీ హయాంలో మందులు ఇవ్వకుండా జరిగిన జాగు ఉంది. కుటుంబాలను రానిచ్చిన జాంబియా రాగి పట్టణాలు కూడా హెచ్‌ఐవీ నుంచి తప్పించుకోలేదు. కుటుంబాన్ని కలిపితే చాలు, జబ్బు మాయమవుతుందని చెప్పేవాడిని నమ్మక్కర్లేదు. విడదీస్తే మాత్రం దానికి రాచబాట వేసినట్టేనని చెప్పడానికి ఆధారాలున్నాయి.

కార్ల్‌టన్‌విల్ అనే గని పట్టణంలో 1990ల చివర పెద్ద ప్రయత్నం జరిగింది. దాదాపు 70,000 మంది గని కార్మికులు, హాస్టల్ గదికి పద్దెనిమిది మంది దాకా. సుఖవ్యాధులకు చికిత్స, కండోములు, తోటివాళ్ల చేత చెప్పించడం, అన్నీ చేశారు. కేథరిన్ క్యాంప్‌బెల్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఆ కార్మికులతో మాట్లాడి రాసిన దాంట్లో, ఎయిడ్స్ అంటే తెలియనివాడు లేడు. అయినా జాగ్రత్త పడరు. ఎందుకంటే రోజూ రెండు మూడు కిలోమీటర్ల లోతుకు పంజరంలో దిగి, ఏ క్షణాన పైకప్పు కూలుతుందో తెలియని చోట పనిచేసేవాడికి, పదేళ్ల తర్వాత చంపే జబ్బు దూరపు చుట్టంలాంటిది. 1900 నుంచి 1993 వరకు దక్షిణాఫ్రికా గని ప్రమాదాల్లో 69,000 మంది చనిపోయారని గని భద్రతపై వేసిన లియాన్ కమిషన్ చెప్పింది. ఆ భయాన్ని దిగమింగడానికి కూలీలు 'మగాడు భయపడడు' అనే ధైర్యాన్ని కూడగట్టుకుంటారు, సాయంత్రం పైకి వచ్చాక కూడా ఆ ధైర్యం వదలదు. మగవాడి నడవడికకు బాధ్యత లేదా అని అడిగేవాళ్లకు నా జవాబు: ఉంది. ఊళ్లో ఎదురుచూసిన ఆడమనిషి ముందు అతను జవాబుదారీయే. కానీ ఆ నడవడికను ఏ గది, ఏ లోతు, ఏ కూలి తయారుచేశాయో పట్టించుకోకుండా కండోము మాత్రమే పంచినవాళ్ల పని ఆశించినంత ఫలించలేదు.

అసలు చిక్కు ప్రశ్న 2003లో వచ్చింది. పరిశోధకుడు మార్క్ లూరీ బృందం క్వాజులు-నేటాల్ పల్లెల్లో 168 జంటలను పరీక్షించింది, కొందరు భర్తలు గనుల్లోనో ఫ్యాక్టరీల్లోనో వలస ఉన్నవాళ్లు, కొందరు ఊళ్లోనే ఉన్నవాళ్లు. వలస మగవాళ్లలో హెచ్‌ఐవీ 26 శాతం, ఊళ్లో ఉన్నవాళ్లలో 13 శాతం. ఇంతవరకు అందరూ ఊహించినదే. కానీ వలస జంటల్లో ఒక్కరికే వైరస్ ఉన్నవాటిని విడదీసి చూస్తే, దాదాపు మూడో వంతు చోట వైరస్ ఉన్నది భార్యకు, భర్తకు కాదు. మగవాడు పట్నంలో అంటించుకుని ఊరికి తెస్తాడన్న అరవై ఏళ్ల కథ, కార్క్ కథ కూడా, ఇక్కడ కొంత కూలిపోయింది. దీన్ని పట్టుకుని ఊళ్లో ఆడవాళ్లు చెడిపోయారని గొణిగినవాళ్లు లేకపోలేదు. నాకైతే ఇది నా వాదనకు అడ్డుగా కాక ఆసరాగా కనిపిస్తుంది. జబ్బును మోసేది ప్రయాణం చేసే మగవాడి చెడ్డతనమే అయితే ఊళ్లో ఉన్న భార్యకు అది విడిగా ఎందుకు రావాలి? పదకొండు నెలలు భర్త లేని ఇల్లు, ఎప్పుడొస్తుందో తెలియని మనియార్డరు, పిల్ల ఫీజుకో నూకల బస్తాకో సాయపడే పక్కింటి మగవాడు. విడిపోవడం ఇద్దరికీ జరిగింది, ఒక్క కొసనే కాదు. కూలి లెక్కలో కుటుంబాన్ని కొట్టేసినప్పుడు ఆ కొట్టివేత రెండు చివర్లలోనూ పనిచేసింది.

మన దగ్గరికి వస్తే, పాలమూరు గుంపు మేస్త్రీల వెంట ప్రాజెక్టు పనులకు పోయే కూలీల్లో ఆలుమగలు కలిసే వెళ్లడం ఎక్కువ, దానికి దాని కష్టాలు దానికున్నాయి. కాంపౌండును గుర్తుచేసేది కరీంనగర్, జగిత్యాల, నిజామాబాద్ ఊళ్ల నుంచి గల్ఫ్‌కు పోయే దారి. అక్కడి చాలా దేశాల్లో భార్యను పిలిపించుకోవాలంటే జీతం ఒక హద్దు దాటాలి, తాపీపని, హెల్పర్ పని చేసేవాడి జీతం ఆ హద్దు దాటదు. లేబర్ క్యాంపు గదిలో రెండంతస్తుల మంచాలు, రెండేళ్లకోసారి సెలవు. వెళ్లేముందు మెడికల్, వెళ్లాక మళ్లీ మెడికల్, హెచ్‌ఐవీ తేలితే 'అన్‌ఫిట్' ముద్ర, తిరుగు విమానం. మలావీ కూలీకి జరిగిన మర్యాదే. హైదరాబాద్‌లో జరిగే అవగాహన సభల్లో ఆ మగవాడికి నిగ్రహం గురించి ఎంత చెప్పినా, వీసా నియమం గురించి గల్ఫ్ ప్రభుత్వాలతో మాట్లాడే బాధ్యత ఎవరూ తలకెత్తుకోరు.

దక్షిణాఫ్రికాలో లెక్క ఒక మూల మాత్రం సరిదిద్దుకుంది. 2002లో ఆంగ్లో అమెరికన్ తన కార్మికులకు హెచ్‌ఐవీ మందులు తానే ఇస్తానంది, జబ్బుపడ్డవాణ్ణి మార్చి కొత్తవాడికి పని నేర్పడం కంటే మందు చవకని తేలాక. 2010 నాటి ప్రభుత్వ గనుల ఒడంబడిక 2014 నాటికి గదికి ఒక్కరే ఉండాలంది. అప్పటికి బంగారు గనుల్లో మిగిలినవాళ్లు లక్ష పైచిలుకు. 2019లో జోహన్నెస్‌బర్గ్ హైకోర్టు గని కంపెనీలు ఒప్పుకున్న ఐదు వందల కోట్ల ర్యాండ్ల పరిహారాన్ని ఖాయం చేసింది. 1965 మార్చి తర్వాత గనిలో పనిచేసి సిలికోసిస్‌తోనో, గని క్షయతోనో ఊపిరితిత్తులు పోగొట్టుకున్నవాళ్లకు, చనిపోయినవాళ్ల వారసులకు అది అందుతుంది. రాతి దుమ్ము గనిలోనే పుట్టిందని కోర్టులో చూపించవచ్చు. హాస్టల్ గది వల్ల వచ్చిన జబ్బుకు, ఊళ్లో ఆ జబ్బుతో పోయిన భార్యకు ఆ పథకంలో దరఖాస్తు పెట్టుకునే గడి లేదు.